సీటు ఎత్తాలంటే ముందు ఆగడం నేర్చుకోవాలి

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. చిన్నప్పుడు సైకిల్ బాగా తొక్కేదాన్ని. ఇరవై ఏళ్ళకు పైగా మానేసి, ఐదు వారాల క్రితం వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ సైకిల్ కొన్నాను. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి 15 కిలోమీటర్ల దాకా వెళ్తున్నాను. ఇంటికొచ్చాక మోకాళ్ళ ముందు భాగం నొప్పి పెడుతోంది. అరగంట దాటితే చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి. కూర్చునే చోట మంట. వెనక నుంచి బండ్లు వస్తుంటే టెన్షన్‌గా ఉంటుంది కాబట్టి కాళ్ళు నేలకు అందేలా సీటు బాగా దించి పెట్టుకున్నాను. తెలిసినవాళ్ళలో ఒకరు మెత్తటి సీటు కొనమంటున్నారు, ఇంకొకరు పెడల్‌కి బిగుసుకునే బూట్లు కొనమంటున్నారు. వచ్చే నెల 50 కిలోమీటర్లు వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు. ఈ వయసులో ఇది నాకు పడదేమోనని అనుమానంగా ఉంది. మానెయ్యమంటారా?

జవాబు: మానకండి. ఇంకేమీ కొనకండి కూడా, కనీసం మరో నెల రోజులు.

మీరు మోకాళ్ళ నొప్పి గురించి ముందు రాశారు, సీటు దించిన సంగతి చివర్లో ఎప్పుడో రాశారు. చదువుతుంటే నాకు ఆ రెండూ ఒకే సంగతి అనిపించాయి. సీటు కిందికి ఉంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటుంది. అలా ముడుచుకున్న స్థితిలోనే మీరు బలంగా తొక్కుతారు, ఆ ఒత్తిడంతా మోకాలి చిప్ప వెనక పడుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటలో ఒక్కో మోకాలు 3,600 సార్లు అలా నలుగుతుంది. ఇది వయసు తెచ్చిన నొప్పి అని నేను అనుకోను. పాతికేళ్ళ వాళ్ళకైనా ఆ ఎత్తులో తొక్కితే నొప్పి వస్తుంది.

నాకూ వచ్చింది. మొదటి ఏడాది దాదాపు ఎనిమిది నెలలు మోకాలికి పట్టీ కట్టుకుని తొక్కాను. సైకిల్ అమ్మినవాళ్ళు సీటు ఎత్తు గురించి ఒక్క మాటా చెప్పలేదు, అది అడగాల్సిన విషయమని నాకూ తెలియలేదు. ఒకరోజు నా వెనకాలే వస్తున్న ఒక పెద్దాయన నన్ను ఆపి, నా మోకాళ్ళు పక్కలకు విచ్చుకుంటున్నాయని చెప్పి, తన జేబులోని ఎలెన్ కీ (ఆరు పలకల బోల్టులు తిప్పే వంకర కీ) తీసి సీటు పైకి జరిపాడు. రెండు వారాల్లో పట్టీ తీసేశాను. పాడు చేసుకున్న ఆ ఎనిమిది నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

అయితే, సీటు ఎత్తండి అని చెప్పి ఊరుకుంటే మీకు ఉపయోగం లేదు. ఎత్తితే నేల అందదన్న భయం అలాగే ఉంటుంది, రెండు రోజుల్లో మళ్ళీ దించేస్తారు. అసలు విషయం ఏమిటంటే, సరైన ఎత్తులో సీటు ఉంటే దాని మీద కూర్చుని ఎవరూ రెండు పాదాలూ నేలకు ఆనించలేరు. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగిపోవాలి. చిన్నప్పటి సైకిల్ మీద ఆ అవసరం రాలేదు కాబట్టి మీకు ఆ అలవాటు లేదు. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

బండ్లు తిరగని ఖాళీ స్థలం ఒకటి చూసుకోండి. సైకిల్ కడ్డీకి చెరో పక్క కాలు వేసి, సీటుకు ముందు నిలబడండి. ముందు బ్రేకు పట్టుకుని, మీకు అలవాటైన కాలి వైపు పెడల్‌ని ముందుకీ కాస్త పైకీ ఉండేలా తిప్పి పెట్టుకోండి. పాదం దాని మీద వేసి, బ్రేకు వదిలి, గట్టిగా అదమండి. ఆ ఒక్క తొక్కుకే సైకిల్ ముందుకు కదులుతుంది, మీ ఒళ్ళు కూడా పైకి లేస్తుంది. అప్పుడు వెనక్కి జరిగి సీటు మీద కూర్చోండి. నేల మీద ఉండగానే కూర్చుని, తర్వాత తన్నుకుంటూ బయల్దేరడం కాదు.

ఆగడం దీనికి తిరగేసిన వరస. వేగం తగ్గించి, ఒక పెడల్ పూర్తిగా కిందికి వచ్చాక కాళ్ళు ఆపండి. ఆ కింది పెడల్ మీద బరువు మోపి నిలబడండి. సీటు మీద నుంచి ముందుకు జారండి. సైకిల్ ఆగిపోతుండగా రెండో కాలు నేల మీద పడుతుంది. మొదటి ఐదారు సార్లు తొందరపడి కాలు ముందే దించుతారు, సైకిల్ ఊగుతుంది. ఇరవై సార్లు చేసేసరికి ఆలోచించకుండానే వస్తుంది. ఇంకో మాట, ఆగే ముందే గేరు తేలిక చేసుకోండి. బరువు గేరులో ఆగిపోతే మళ్ళీ బయల్దేరేటప్పుడు సైకిల్ కదలక తూలుతుంది. కూడలి దగ్గర ఎక్కువమందికి భయం పుట్టేది అక్కడే.

ఇది వచ్చాకే ఎలెన్ కీ తీయండి.

గోడకు ఆనుకుని సైకిల్ ఎక్కి కూర్చోండి. మడమను పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పుతూ పెడల్‌ని అన్నిటికన్నా కిందికి తీసుకురండి. అక్కడ కాలు తిన్నగా చాచుకోవాలి, కానీ దాన్ని అందుకోవడానికి నడుము ఒక పక్కకు ఒరగకూడదు. మడమ అలా సరిపోతే, పాదం ముందు భాగంతో మామూలుగా తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మీకు కావలసింది ఆ కొద్ది వంపే. ఇంట్లో టేపు ఉంటే ఇంకో లెక్క కూడా చూసుకోవచ్చు. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య నుంచి నేల దాకా ఎంతుందో కొలిచి 0.883తో హెచ్చవేయండి. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పై అంచు దాకా ఆ కొలత ఉండాలి. 76 సెంటీమీటర్లయితే సుమారు 67 వస్తుంది. ఈ లెక్కనే పట్టుకుని కూర్చోవద్దు, మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది.

మీ సీటు ఇప్పుడు మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి ఉండొచ్చు. అంతా ఒక్కరోజే ఎత్తకండి. ఐదు వారాలుగా కండరాలు ఒక తీరుకు అలవాటు పడ్డాయి. రోజు విడిచి రోజు అర సెంటీమీటరు చొప్పున ఎత్తండి. ఎత్తిన ప్రతిసారీ సీటు కింది గొట్టం మీద సన్నటి టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో తెలుస్తుంది. ఆ గొట్టం మీద ఇంతకు మించి పైకి లాగకూడదని ఒక గీత ఉంటుంది, అది బయటికి కనిపించకూడదు. కార్బన్ గొట్టమైతే బోల్టును చేతి అంచనాతో బిగించకండి. దాని మీద రాసి ఉన్న కొలతకు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచితో బిగించాలి. ఇక ఎక్కడ ఆపాలో మీ ఒళ్ళే చెబుతుంది. నొప్పి మోకాలి వెనక వైపు మొదలైనా, తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగినా ఎత్తు ఎక్కువైనట్టు. అర సెంటీమీటరు దించండి. ఒకేసారి రెండు మార్పులు మాత్రం చేయకండి. సీటు ఎత్తిన రోజే హ్యాండిల్ కూడా కదిపితే, ఏది పని చేసిందో తేలదు.

మోకాలి విషయంలో గేర్లను కూడా నేను అనుమానిస్తున్నాను. కొత్తవాళ్ళు చాలామంది బరువు గేరులో నెమ్మదిగా, బలంగా తొక్కుతారు. కాలికి పని తగిలితేనే వ్యాయామం అనిపిస్తుంది కాబట్టి అది సహజమే. కానీ ఆ బలం మోసేది మోకాలు. ఈసారి వెళ్ళినప్పుడు 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొస్తుందో లెక్కపెట్టండి. 13, 14 వస్తే నిమిషానికి 55 దగ్గర తిరుగుతున్నట్టు. దాన్ని మెల్లగా 20కి తీసుకురండి, అంటే నిమిషానికి 80. మొదట్లో కాళ్ళు గాల్లో తిరుగుతున్నట్టు, సీటు మీద ఎగురుతున్నట్టు ఉంటుంది. అలా అనిపిస్తే ఒక గేరు బరువు చేసుకోండి. వారం పది రోజుల్లో కుదురుకుంటుంది. ఎత్తు కనబడగానే, ఎక్కడం మొదలవకముందే గేరు తేలిక చేయండి. మధ్యలో మార్చాల్సి వస్తే ఆ అర చుట్టు కాలి బలం కాస్త తగ్గించండి, చైన్ కరకరమనకుండా మారుతుంది.

చేతుల తిమ్మిరి సంగతికొస్తే, చిటికెన వేలు, దాని పక్క వేలు అని మీరు స్పష్టంగా రాయడం మంచిదైంది. ఆ రెండు వేళ్ళకూ వెళ్ళే నరం అరచేతి మడమ దగ్గర, చిటికెన వేలి వైపు నుంచి పోతుంది. దాని మీదే బరువంతా వేసి అరగంట కూర్చుంటున్నారన్నమాట. ముందుగా సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. వాలి ఉంటే ఒళ్ళు ముందుకు జారుతూ ఉంటుంది, ఆ జారుడును ఆపేది చేతులే. సీటు సమంగా ఉండాలి. తొక్కేటప్పుడు మోచేతులు బిగదీసి తిన్నగా పెట్టకండి, కొంచెం వంచండి. భుజాలు చెవుల దగ్గరికి వచ్చేసి ఉంటాయి, భయంతో తొక్కేవాళ్ళకు తెలియకుండానే అలా అవుతుంది. గుర్తొచ్చినప్పుడల్లా కిందికి వదలండి. వంపు హ్యాండిల్ ఉన్నదే చేతులు మార్చుకోవడానికి: పైన తిన్నగా ఉన్న చోట కాసేపు, బ్రేకుల రబ్బరు తొడుగుల మీద కాసేపు, ధైర్యం వచ్చాక కింది వంపులో కాసేపు. ఐదు నిమిషాలకోసారి చోటు మార్చండి. అయినా చేతులు బాగా చాచి అందుకోవాల్సి వస్తుంటే, హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క పొడవెక్కువ అయినట్టు. అది చిన్నది వేయించుకోవచ్చు, ఖర్చు ఎక్కువ కాదు.

చేతులకు వచ్చే అదురులో టైర్ల పాత్ర కూడా ఉంటుంది. టైరు పక్కన రాసి ఉన్న పెద్ద అంకె చూసి అంత గాలీ కొట్టేస్తారు చాలామంది. అది ఇంతకు మించకూడదన్న హద్దు. అంత గాలి కొట్టి తీరాలని కాదు. 28 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరయి, మనిషి 60 కిలోలు ఉంటే 60 నుంచి 70 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య మొదలుపెట్టి చూడొచ్చు. బరువు పెరిగితే ఇంకొంచెం, టైరు సన్నగా ఉంటే ఇంకొంచెం. మరీ తగ్గించినా ఇబ్బందే. గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు కన్నాలు పడతాయి. సన్నటి టైర్లలో గాలి రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి వెళ్ళే ప్రతిసారీ, కాకపోతే వారానికి రెండుసార్లయినా, మీటరున్న పంపుతో చూసుకోవాలి. బొటనవేలితో నొక్కి చూస్తే 50కీ 80కీ తేడా తెలియదు.

కూర్చునే చోట మంటకు మెత్తటి సీటు మందు కాదు. మెత్తటి దాంట్లో కూర్చునే ఎముకలు దిగబడతాయి, ఆ ఎముకలు మోయాల్సిన బరువు మధ్యలోని సున్నితమైన భాగం మీద పడుతుంది. గట్టి సీటే మంచిది, ఆ ఎముకల మధ్య దూరానికి తగ్గ వెడల్పు ఉంటే చాలు. స్త్రీలకు ఈ వెడల్పు తరచు ఎక్కువ కావాల్సి ఉంటుంది, సైకిల్‌తో వచ్చిన సీటు అందరికీ సరిపోదు. కానీ ముందు ఎత్తు సరిచేసుకోండి, ఆ తర్వాతే సీటు సంగతి. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు వాడుతుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదు. మంటకు చాలాసార్లు కారణం లోపలి బట్టల కుట్లు, చెమటే. వాడిన ప్రతిసారీ ఉతకాలి. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి ఓ పదిహేను సెకన్లు నిలబడండి. ఎముకల దగ్గర కొద్దిపాటి నొప్పి మూడు నాలుగు వారాల్లో దానంతటదే పోతుంది. తొడల మధ్య తిమ్మిరెక్కడం మాత్రం ఓర్చుకోవాల్సిన విషయం కాదు. అలా అయితే సీటు మార్చాల్సిందే.

వెనక నుంచి వచ్చే బండ్ల భయం మామూలే, ఆ భయాన్ని నేను తీసిపారేయను. అది మనల్ని కాపాడుతుంది కూడా. కాకపోతే దానివల్ల కొత్తవాళ్ళు చేసే ఒక పని ప్రమాదాన్ని పెంచుతుంది: రోడ్డు అంచుకు పూర్తిగా అతుక్కుపోవడం. అంచున ఇసుక, గాజు పెంకులు, గుంతలు ఉంటాయి. వాటిని తప్పించడానికి ఉన్నట్టుండి లోపలికి రావాలి, వెనక వాళ్ళు ఊహించనిది అదే. అంచు నుంచి కొంచెం ఇవతలికి, ఒకే గీత మీద వెళ్ళినట్టు వెళ్ళండి. ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్తుంటే తలుపు తెరుచుకున్నా తగలనంత దూరం, అంటే మీటరుకు పైనే వదలండి. లారీ, బస్సు లాంటి పెద్ద బండి కూడలిలో మీ ముందు ఆగి ఉంటే దాని పక్క సందులోకి దూరకండి, వెనకే ఆగండి. అది తిరిగేటప్పుడు డ్రైవరుకు మీరు కనిపించరు. నేను ఎన్నేళ్ళు తొక్కినా మార్చుకోని నియమం ఇది.

తల తిప్పి వెనక్కి చూసేటప్పుడు సైకిల్ కూడా అటే లాగుతుంది. ఆ ఖాళీ స్థలంలోనే, నేల మీద గీత ఏదైనా ఉంటే దాని మీద తొక్కుతూ వెనక్కి చూడటం సాధన చేయండి. చూపు ముందు చక్రం దగ్గర కాకుండా కనీసం 15 మీటర్ల ముందు ఉండాలి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగనివ్వండి. చెవుల్లో పాటలు వద్దు. రైలు పట్టాలు దాటాల్సి వస్తే వాటికి అడ్డంగా, నిటారుగా దాటండి. తడిసిన రంగు గీతల మీద, ఇనప మూతల మీద బ్రేకు వేయొద్దు, తిప్పొద్దు. ఇక బ్రేకులు రెండూ వాడాలి. సైకిల్‌ని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. ఒక్కసారిగా గుంజకుండా మెల్లగా బిగిస్తూ, నడుమును కొంచెం వెనక్కి జరపండి. మలుపులోకి వచ్చాక కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించండి.

హెల్మెట్ పెట్టుకుంటున్నారనే అనుకుంటున్నాను. కనుబొమలకు రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి, నుదురు మొత్తం కనబడేలా వెనక్కి నెట్టి పెట్టుకుంటే అది ఉన్నా లేనట్టే.

పెడల్‌కి బిగుసుకునే బూట్లు ఇప్పుడు వద్దు. మంచివే, నేనూ వాడతాను. 1985లో ఫ్రెంచ్ సైక్లిస్టు బెర్నార్డ్ ఇనో ఆ రకం పెడల్స్‌తో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ గెలిచాక పోటీల్లో తొక్కేవాళ్ళు పాదాన్ని పెడల్‌కి కట్టే పాత తోలు పట్టీలు వదిలేసి వీటికి మారుతూ వచ్చారు. కానీ వీటిలోంచి పాదం బయటికి రావాలంటే మడమను పక్కకు తిప్పాలి, అది ఆగడానికి ముందే గుర్తు రావాలి. ఆగడమే కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు దాని మీద ఇంకో పని పెట్టుకోవద్దు. మూడు నెలలు పోనివ్వండి.

బయటికి వెళ్ళే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఇంకోటి ఉంది. వెనక చక్రం విప్పి, ట్యూబ్ మార్చి, మళ్ళీ బిగించండి, కనీసం రెండుసార్లు. చైన్‌ని అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదికి తెచ్చాక విప్పితే సులువు. పంక్చర్ అయిన ట్యూబ్ తీశాక కొత్తది వెంటనే ఎక్కించకండి. టైరు లోపల వేలి కొసలతో చుట్టూ మెల్లగా తడమండి. గుచ్చుకున్న ముల్లు లేక గాజు ముక్క ఇంకా అక్కడే ఉంటుంది, కొన్నిసార్లు బియ్యపు గింజలో సగమంత. తడమకుండా కొత్త ట్యూబ్ వేసి గాలి కొడితే పది నిమిషాల్లో అదీ పోతుంది. కొత్త ట్యూబ్‌లో ముందు కొంచెం గాలి ఊది గుండ్రంగా చేసి పెడితే మెలిపడదు. టైరు చివరి జానెడు ఎక్కించడం కష్టం. వాల్వుకు ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగిస్తే కాస్త వదులు దొరుకుతుంది. ఒక ట్యూబ్, టైరును రిమ్ము నుంచి ఊడదీసే రెండు ప్లాస్టిక్ లీవర్లు, చిన్న పంపు సీటు కింది సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఇప్పుడు ఆ 50 కిలోమీటర్ల మాట. ఈ వారమంతా ఆగడం, బయల్దేరడం, సీటు ఎత్తు, అంతే. దూరం 10 దాటనివ్వకండి. మోకాలి నొప్పి తగ్గుముఖం పడితే తర్వాతి వారాల్లో 20, 28, 36 అలా పెంచుకుంటూ పోండి, అది కూడా వారంలో ఒక్కరోజే. మిగతా రోజులు పొట్టిగానే. మాట్లాడుతూ తొక్కగలిగే వేగం చాలు. గంటన్నర దాటే రోజున తినడం కూడా సాధన చేయాలి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది, కాళ్ళలో శక్తి ఒక్కసారిగా తీసేసినట్టు అవుతుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. నీళ్ళు పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు. వాపు ఉన్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా మోకాలు నొప్పి పెడుతున్నా, రెండు మూడు వారాలకీ తగ్గకపోయినా నా మాటలు పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి.

వాళ్ళతో వెళ్ళేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఎత్తు ఎక్కాక పైన, మలుపుల దగ్గర నాకోసం ఆగుతారా? ఆగుతామంటే సంతోషంగా వెళ్ళండి. గుంపులో ముందువాళ్ళ వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం పోనివ్వకండి, వాళ్ళు కొంచెం పక్కకు జరిగితే పడేది మీరే. మొదటిసారి ఒక సైకిల్ పొడవుకు పైనే ఎడం ఉంచండి. ఆగుతారా అని అడిగితే చూద్దాంలే అన్నట్టు మాట్లాడితే మాత్రం ఈసారికి వద్దనుకోండి. మోకాళ్ళు కుదుటపడ్డాక ఒక సెలవు రోజున మీరొక్కరే, మీకు తెలిసిన రోడ్డు మీద, ఎప్పుడు వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. బయల్దేరే ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి, ఎదురుగాలి వైపే మొదలుపెట్టండి. అలసిపోయి వెనక్కి తిరిగే వేళకు అది మీ వీపు వెనక నుంచి వస్తుంది.